చాపకూడులో చోటెవరికి?

గర్భసంచిలోంచి సిరంజిలోకి వచ్చే ఉమ్మనీరు లేత గడ్డిరంగులో ఉంటుంది. 15 వారాలు నిండాక, బిడ్డ ఎటుందో మాయ ఎటుందో స్కానింగ్ తెరమీద చూసుకుంటూ డాక్టరు తీసేది 20 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. అందులో తేలే కణాలు బిడ్డవి. వాటిని పెంచి, క్రోమోజోములను వరసగా పేర్చి లెక్కపెట్టాలంటే దాదాపు రెండు వారాలు కావాలి. క్యూఎఫ్-పీసీఆర్ పద్ధతిలో అంత ఆగనక్కర్లేదు. 21, 18, 13వ క్రోమోజోముల మీది కొన్ని డీఎన్ఏ గుర్తులకు నకళ్లు తీసి, యంత్రంలో గ్రాఫుగా చూస్తారు. తల్లి నుంచి వచ్చినదీ తండ్రి నుంచి వచ్చినదీ వేరైతే ఒక్కో గుర్తు దగ్గర సమానమైన రెండు శిఖరాలు లేవాలి. మూడు లేచినా, రెండింటిలో ఒకటి రెట్టింపు పెరిగినా ఆ క్రోమోజోము ఒకటి అదనంగా ఉన్నట్టే. రెండు మూడు రోజుల్లో కాయితం చేతికొస్తుంది. బిడ్డలో ఏముందో ఆ కాయితం చెబుతుంది, ఏం చేయాలో చెప్పదు. పల్నాడులోని కారంపూడి లాంటి ఊళ్లో ఆ రెండో సంగతిని ఎవరు తేల్చాలి? డాక్టరా, పురోహితుడా, చట్టమా, అత్తగారా? తల్లే తేల్చాలని నేనంటాను. అయితే ఆ బిడ్డ పుడితే చోటివ్వని ఊళ్లో తల్లికిచ్చిన ఆ హక్కు పేరుకే హక్కు.

ముందు నిందల సంగతి చూద్దాం. పుట్టబోయే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ అని తెలిస్తే మన ఇళ్లలో వినపడే మాటలు తెలిసినవే: మేనరికం చేసుకున్నారు, గ్రహణంనాడు గడప దాటింది, ఏ జన్మ పాపమో. మేనరికం మాట కొన్ని జబ్బుల విషయంలో నిజం. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపమున్న జన్యువు వచ్చి కలిస్తే పుట్టే జబ్బులు దగ్గరి సంబంధాల్లో ఎక్కువ. డౌన్‌కు కారణమైన అదనపు 21వ క్రోమోజోము ఆ దారిన రాదు. నూటికి సుమారు 95 మందిలో అది అండమో, తక్కువగా వీర్యకణమో తయారయ్యేటప్పుడు విడిపోవాల్సిన జంట విడిపోకపోవడం వల్ల వచ్చేది. వయసుతో ఆ అవకాశం పెరుగుతుంది: 35 ఏళ్ల తల్లికి సుమారు 350లో ఒకటి, 40 ఏళ్లకు 100లో ఒకటి. ఇక పాపం మాట. మన పాత వైద్యమే దాన్ని ఏకైక కారణంగా ఒప్పుకోలేదు. చరకసంహిత శారీరస్థానం కర్మనూ కారణాల్లో చేర్చింది గానీ, బీజంలో ఏ భాగం దెబ్బతింటే దాని నుంచి రావాల్సిన అవయవం చెడుతుందని కూడా స్పష్టంగా చెప్పింది. చరకుడు బీజందాకా వెళ్లి వెతికిన దోషాన్ని కోడలి నడవడికలో వెతికే మనం ఆయన కంటే వెనకబడ్డామనుకోవాలి.

జీవుడు పిండంలో ఎప్పుడు ప్రవేశిస్తాడో తేలితే ధర్మసందేహమూ తీరుతుందని కొందరి ఆశ. గర్భోపనిషత్తు ఏడో నెల అంటుంది. ఇస్లాం సంప్రదాయంలో 120 రోజుల లెక్క ప్రసిద్ధం. కాథలిక్కులు గర్భం నిలిచిన క్షణం నుంచే ప్రాణాన్ని పవిత్రమంటారు. పల్నాడులో ఈ మూడు మతాల వాళ్లూ ఒకే ఆసుపత్రి వరండాలో కూర్చుంటారు, ఒకరి లెక్క ఇంకొకరికి అక్కరకు రాదు. పైగా గర్భోపనిషత్తు నుంచి ఏడో నెల మాట ఒక్కటే తీసుకుని మిగతాది వదిలేయడం కుదరదు. కలయిక వేళ మనసు కలత చెందితే గుడ్డి, కుంటి, గూని బిడ్డలు పుడతారని కూడా అందులోనే ఉంది. ఆ మాట నమ్మితే వికలాంగుల తల్లిదండ్రులందరూ దోషులవుతారు. జీవతత్త్వం గురించి ధ్యానించడానికి రాసిన గ్రంథాన్ని గర్భస్రావం గడువు తేల్చే చట్టంలా చదివితే ఇలాగే అవుతుంది.

కర్మఫలాన్ని తప్పించబోవడమే తప్పనే వాదన ఇంకొకటి. డౌన్ బిడ్డల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. ఆపరేషన్ చేయించిన తల్లిని కర్మకు అడ్డుపడ్డావని ఎవరూ అనరు. కాబట్టి కర్మ పేరుతో పరీక్షను కాదనలేం. అయితే ప్రత్యర్థి దగ్గర ఇంతకంటే పదునైన జవాబుంది: ఆపరేషన్ రోగాన్ని తీసేస్తుంది, గర్భస్రావం రోగినే తీసేస్తుంది, రెండూ ఒకటెలా అవుతాయి? ఈ తేడా నిజమైనది, నేను దాటవేయను. డౌన్ సిండ్రోమ్‌కు అదనపు క్రోమోజోము కారణమని 1959లో లోకానికి చాటిన ఫ్రెంచి వైద్యుడు జెరోమ్ లెజెన్ జీవితాంతం ఈ ముల్లునే మోశాడు. ఈ బిడ్డలకు వైద్యం దొరుకుతుందని ఆశపడ్డ భక్తుడైన కాథలిక్కు, తన ఆవిష్కరణ వాళ్లను పుట్టకుండా ఆపే పనికొచ్చిందని బాధపడ్డాడు.

ఇంత బరువైన నిర్ణయానికి ముందు కాయితం మీద ఏముందో సరిగ్గా తెలియడం కనీస ధర్మం. తల్లి రక్తంలో బిడ్డ డీఎన్ఏ తేలుతుందని డెన్నిస్ లో బృందం 1997లో చూపింది. దాని ఆధారంగా వచ్చిన ఎన్ఐపీటీ అనే రక్తపరీక్ష చాలా మంచిదే గానీ అది జల్లెడ, తీర్పు కాదు. వెయ్యికి ఒక బిడ్డకు లోపముండే తల్లులు 10,000 మంది ఉన్నారనుకుందాం. లోపమున్న 10 మందినీ పరీక్ష పట్టేసింది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో వెయ్యికి ఒకరి దగ్గర మాత్రం పొరబడింది. అంటే పాజిటివ్ వచ్చిన 20 మందిలో 10 మంది బిడ్డలు నిక్షేపంగా ఉన్నారు. ఉమ్మనీటి పరీక్షతో ఖాయం చేసుకోకుండా ఆ కాయితాన్ని చూసి గర్భం తీసేయించుకుంటే, కారణం మతమూ కాదు, తత్త్వమూ కాదు, లెక్క తెలియకపోవడం.

అసలు గట్టి అభ్యంతరం మన చట్టంలోంచే పుడుతుంది. 1994 నాటి గర్భస్థ పిండ నిర్ధారణ పరీక్షల చట్టం క్రోమోజోము లోపాలు కనుక్కోవడానికి అనుమతిస్తుంది, ఆడో మగో చెప్పడాన్ని నేరమంటుంది. ఆడపిల్ల అని తీసేయడం పాపమైతే, బుద్ధిమాంద్యమని తీసేయడం పుణ్యమా? రెండుచోట్లా ‘ఇలాంటి బిడ్డ వద్దు’ అనే కదా అంటున్నది! దీనికి సగం జవాబుంది. ఆడపిల్ల కష్టాలు ఆమె ఒంట్లోంచి రావు, కట్నం నుంచీ మన చూపు నుంచీ వస్తాయి. 18వ క్రోమోజోము అదనంగా ఉన్న ఎడ్వర్డ్స్, 13వది అదనంగా ఉన్న పటౌ బిడ్డల బాధ ఒంట్లోనే ఉంది. వాళ్లలో ఎక్కువమంది మొదటి పుట్టినరోజు చూడరు. అక్కడ తల్లి నిర్ణయాన్ని ఆడపిల్ల హత్యతో పోల్చడం క్రూరం. మరోవైపు ఒక ఎక్స్ క్రోమోజోము ఎక్కువగా ఉన్న క్లైన్‌ఫెల్టర్ మగవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియకుండా జీవితం గడిచిపోతుంది. అక్కడ తీసేయడం ఆడపిల్లని తీసేయడానికి చాలా దగ్గర. డౌన్ ఈ రెండింటి నడుమ ఉంది. గుండెలో రంధ్రం, థైరాయిడ్ ఒంటివి. బడిలో చేర్చుకోకపోవడం, అన్నకు సంబంధాలు రాకపోవడం మనం పెట్టినవి. అభ్యంతరంలో మిగిలిన సగం నిజమే, కానీ దాని బాణం తగలాల్సింది తల్లికి కాదు.

ఇక్కడ అష్టావక్రుణ్ని ఉదాహరణగా తెచ్చేవారుంటారు. గర్భంలోనే తండ్రి కహోడుడి శాపానికి గురై ఎనిమిది వంకరలతో పుట్టిన ఆ బాలుడు జనకుడి సభలో బంది అనే పండితుణ్ని వాదంలో ఓడించి, ఆ తండ్రినే విడిపించుకొచ్చాడు. అరణ్యపర్వంలోని గొప్ప కథే, కానీ మన ప్రశ్నకు పనికిరాదు. అష్టావక్రుడు గౌరవం సంపాదించింది పాండిత్యంతో, చివరికి నదీస్నానంతో వంకరలు కూడా పోతాయి. సభలో ఎవరినీ ఓడించలేని, ఎన్ని నదుల్లో మునిగినా మారని బిడ్డ మాటేమిటి? ఆ జవాబు కారంపూడి దగ్గరే వెతకొచ్చు. నాగులేటి ఒడ్డున 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పడ్డ వీరులను ఇక్కడ కార్తీకమాసం చివర ఏటా కొలుస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజుల తిరునాళ్ల. అందులో చాపకూడు ఉంటుంది, పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించిన దానికి గుర్తుగా. అది కులం సంగతి, క్రోమోజోములకు దాన్ని సాగదీయడమేమిటని అడగొచ్చు. బ్రహ్మనాయుడి దళిత సేనాని కన్నమదాసు లాంటి యోధుడి పక్కన కూర్చోవడంలో గొప్పేముందనీ అనొచ్చు. కానీ ఆ చాప ఒక్క కన్నమదాసు కోసం పరిచింది కాదు. కత్తి పట్టడం రానివాడికీ అందులో చోటుంది. కూర్చునే ముందు నీకేం వచ్చని అడగకపోవడమే దాని ధర్మమైతే, అది కులంతో ఆగదు.

ఇక చట్టం ఏం చేసిందో చూద్దాం. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు డౌన్ సిండ్రోమ్ తేలిన 26 వారాల గర్భాన్ని తీసేయడానికి అనుమతించలేదు. 2021 సవరణ తర్వాత తీవ్రమైన లోపమని మెడికల్ బోర్డు తేలిస్తే గడువు పరిమితి లేదు. ఒకసారి కనాలన్నారు, ఇప్పుడు వద్దనుకోవచ్చంటున్నారు. పుట్టాక ఏమిటన్నది రెండుచోట్లా తల్లికే వదిలేశారు. ఆంధ్రప్రదేశ్‌లో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చేతికొస్తే 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయల పింఛను ఉంది, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఇవి చిన్నవి కావు, చాలవు కూడా. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పేరుతో సికింద్రాబాదులో పెట్టిన సంస్థలో దొరికే శిక్షణ కోసం కారంపూడి కూలిమనిషి ఎన్ని పనిదినాలు పోగొట్టుకోవాలి?

అలాగైతే సౌకర్యాలన్నీ వచ్చేదాకా ఎవరూ తల్లి నిర్ణయాన్ని తప్పుపట్టకూడదా అంటే, కూడదనే నా జవాబు. మంచి వైద్యం అందిన దేశాల్లో డౌన్ ఉన్నవాళ్లు ఇప్పుడు అరవై ఏళ్ల దాకా బతుకుతున్నారు. తల్లిదండ్రులు పోయాక ఇంకా పాతికేళ్లు మిగిలే మనిషికి సంరక్షకుణ్ని నియమించడానికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది, దానికో దరఖాస్తు ఉంటుంది. గర్భం తీసేయించుకోవడం మహాపాపమని చెప్పే పెద్దమనిషి, ఆ దరఖాస్తులో సంరక్షకుడి పేరు రాయాల్సిన చోట తన పేరు రాయనిస్తాడా అని ముందు అడగాలి.