అభయానికి రెండు అర్థాలు

భగవద్గీత పదహారవ అధ్యాయం దైవీసంపదను వివరిస్తూ అన్నిటికంటె ముందు అభయాన్ని పేర్కొంటుంది. తెలుగులో ఈ మాటకు రెండు అర్థాలు స్థిరపడ్డాయి. తాను భయపడకుండటం ఒకటి. ఇతరులకు భయం లేకుండా చేయటం మరొకటి. ఆధునిక మస్తిష్క శాస్త్రం ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టింది.

1982లో స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థలో కజుహికో తతెమోతో పంది మెదడు నుండి 36 అమైనో ఆమ్లాల గొలుసును వేరుచేశాడు. దాని పేరు న్యూరోపెప్టైడ్ వై. దీనిని మెదడులోకి ఎక్కించినప్పుడు ఎలుకలలో ఆందోళన తగ్గుతుందనీ, జన్యుమార్పు వల్ల ఇది లేకుండా పుట్టిన చిట్టెలుకలలో ఆందోళన హెచ్చుతుందనీ తరువాతి పరిశోధనలు తెలిపాయి. కొలిచే సాధనం నేలకు ఎత్తుగా అమర్చిన కూడిక గుర్తు ఆకారపు వేదిక. నాలుగు బాహువులలో రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. భయపడిన ఎలుక గోడల చాటునే ఉండిపోతుంది. భయం తగ్గినది బయలులోకి వస్తుంది.

చిక్కు ఈ కొలతలోనే ఉంది. ఎలుక భయం మానవుని భయాన్ని పోలనిదైతే ప్రయోగం నిరర్థకం. పోలినదైతే దానిని కలిగించినవారు సమాధానం చెప్పుకోవలసిందే. పోలిక పాక్షికమే కదా, రేపటిని తలచి కుమిలే మనిషి వేదన ఎలుకకు లేదు కదా అనవచ్చు. నిజమే. కాని ఈ బాధ కాసేపట్లో తీరుతుందన్న ఊరట కూడా దానికి లేదు.

1861లో కోల్స్‌వర్దీ గ్రాంట్ కలకత్తాలో జంతుహింసా నివారణ సంఘాన్ని స్థాపించిన కాలంలో హింస వీధిలో ఉండేది. ఏక్‌బాల్‌పూర్ వంటి పేటలో బండి ఎద్దు మెడ మీది కాడిపుండు దారిన పోయేవారందరి కంటా పడుతుంది. చిట్టెలుక భయానికి అటువంటి సాక్షులు లేరు. రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలితంగా వచ్చిన 1960 నాటి చట్టం కూడా, వీలైనచోట పెద్ద జంతువులకు బదులు గినీపందులు, కుందేళ్లు, కప్పలు, ఎలుకలపై ప్రయోగాలు జరపాలన్నది. దయ పెద్దదానిని కాపాడగా భారం చిన్నదానిపై పడింది.

ఆందోళనతో నిద్రకు దూరమైన రోగి బాధ అబద్ధం కాదు. అందువల్ల ప్రయోగాన్ని పూర్తిగా నిషేధించటం సులభమైన జవాబే గాని న్యాయమైనది కాదు. అయితే 1998 నియమావళి ప్రకారం ఏర్పడిన సంస్థాగత నైతిక సంఘంలో సంతకం చేసేవారికి ఒక కర్తవ్యముంది. ఈ ప్రశ్నకు ఇదివరకే జవాబు లభించిందా, ఇన్ని ప్రాణులు అవసరమా, భయాన్ని ఇంకా తగ్గించవచ్చునా అని ప్రతిసారీ అడగాలి. వీధిలో లేని సాక్షి స్థానం ఆ సంతకానిదే. మొదటి అభయాన్ని అన్వేషించేవారు రెండవదానికి బాకీపడి ఉంటారు.