వానలో పట్టు ఎలా ఉంటుందో ముందు అడుగు నాన్నా

ఇలా వచ్చి ఒక్క నిమిషం కూర్చో నాన్నా. షాపు ఎక్కడికీ పోదు. టైర్లు మార్పించాలని బయలుదేరావు, మంచిదే. మబ్బు పట్టకముందే ఆ బుద్ధి పుట్టింది, అది ఇంకా మంచిది. కానీ అక్కడికెళ్ళి నువ్వు ఏమడుగుతావో నాకు తెలుసు. "అన్నా, తక్కువలో ఏముంది? ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అంటావు. రెండూ అడగాల్సినవే, కాదనను. వాటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. వానలో పట్టు ఎలా ఉంటుంది? అది ముందు అడుగు. ధర, కిలోమీటర్లు ఆ తర్వాత.

మన రోడ్లు నీకు కొత్త కాదు. పుట్టిన దగ్గర్నుంచీ తిరుగుతున్నావు. అదే నా బెంగ. అలవాటైన దారిని ఎవరూ కళ్ళు పెట్టి చూడరు. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు, తాడేపల్లిగూడెం నుంచి గణపవరం మీదుగా భీమవరం పోయే రోడ్డు ఓసారి గుర్తు తెచ్చుకో. చాలాచోట్ల ఇటు చెరువు, అటు చెరువు, మధ్యలో గట్టు మీద మన కారు. అంచు దాటితే నీళ్ళే. ముందు పోయే చేపల లారీ ఐసు కరిగిన నీళ్ళు కార్చుకుంటూ పోతుంది. చెరువులు తవ్వే రోజుల్లో ట్రాక్టరు చక్రాలకి అంటుకొచ్చిన నల్లమట్టి తారు మీద రాలి, ఎండి, దుమ్మై కూర్చుంటుంది. వేసవంతా అది దుమ్మే. తొలి చినుకు పడిందంటే జిగట. జోరువాన పడితే కొట్టుకుపోతుంది, కానీ మొదటి పది పదిహేను నిమిషాల తుంపర ఆ మట్టినీ, లారీలు కార్చిన ఆయిల్నీ కలిపి పేస్టు చేసి పెడుతుంది. మనవాళ్ళు జారేది ఎక్కువగా అప్పుడే. "వాన పెద్దగా లేదు కదా" అనుకుంటూ జారతారు.

వర్షాకాలం ఒక్కటే కాదు, మన దగ్గర రోడ్డు తడిసే రోజులు ఏడాదిలో చాలానే ఉంటాయి. జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు వస్తే తుఫాన్లు, చలికాలంలో కొల్లేటి పక్కన మంచు. అందుకే హైదరాబాదులో ఉండే మీ బావ వేయించుకున్న టైరు నీకూ సరిపోతుందని అనుకోకు.

అరిగిన హవాయి చెప్పులతో కాలువ రేవు మెట్లు దిగితే ఏమవుతుందో నీకు తెలుసు కదా. టైరుదీ అదే సంగతి. కారు ఎంత పెద్దదైనా ఒక్కో చక్రం నేలని తాకేది రమారమి మన అరచెయ్యంత మేర. ఆ నాలుగు అరచేతుల మీదే మీ అమ్మ, నీ పెళ్ళాం, పిల్లలు, వెనక డిక్కీలో సామాను, అంతా కూర్చుని ఉంది. బ్రేకు తొక్కితే ఆగేది కూడా ఆ నాలుగు చోట్లే. ఏబీఎస్ ఉందని చెప్తావు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, అంతే. టైరుకి లేని పట్టుని అది ఎక్కణ్ణుంచి తెస్తుంది?

టైరు మీద గాడులు అందం కోసం పెట్టినవి కావు. కింద పడ్డ నీటిని పక్కలకి తోసెయ్యడానికి పెట్టినవి. గాడులు అరిగిపోతే నీరు పోయే దారి ఉండదు. వేగం పెరిగేకొద్దీ ఆ నీటి పొర మీదకి టైరు ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా కారు తిరగదు, బ్రేకు తొక్కినా ఆగదు. విమానాలు తడి రన్‌వే మీద ఇలాగే జారుతుంటే, అమెరికా నాసా వాళ్ళు 1963లో దీని లెక్క తేల్చారు. టైరులో గాలి ఎంత తగ్గితే అంత తక్కువ వేగానికే నీటి మీద తేలిపోతుందని వాళ్ళు కనిపెట్టారు. ఆ లెక్క విమానం టైర్లది, మన కారుకి అచ్చంగా అతకదు. అయినా దాని ప్రకారం 33 పాయింట్ల గాలి ఉంటే గంటకి 95 కిలోమీటర్ల దగ్గర తేలేది, 25 పాయింట్లకి దిగితే 83 దగ్గరే తేలుతుంది. మరి మన పదహారో నంబరు హైవే మీద, ఏలూరు బైపాస్ దాటాక, నువ్వు వానలో ఎంత మీద పోతావో నీకే తెలియాలి.

కాబట్టి గాలి చూసుకో. నెలకి రెండుసార్లు, పొద్దున్నే బండి నడపకముందు, టైరు చల్లగా ఉండగా చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ అంటించి ఉంటుంది. ఖర్చు లేని పని ఇది. చెయ్యకపోవడానికి తీరిక లేకపోవడం తప్ప ఇంకో కారణం నాకు కనపడదు.

ఇక కొనే సంగతి. ఖరీదైన విదేశీ టైరే వెయ్యమని నేను చెప్పను. డబ్బు చెట్లకి కాయదు, పిల్లల ఫీజులు కట్టాలి. మధ్య రకంలోనే మంచివి ఉన్నాయి. అపోలో వాళ్ళు 2020 నుంచి మన చిన్నపండూరులోనే చేస్తున్నారు, ఎంఆర్ఎఫ్ వాళ్ళ ఫ్యాక్టరీ సదాశివపేటలో ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కారు టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ మేర ధర తగ్గిందో లేదో బిల్లులో చూసి అడుగు, మొహమాటపడకు.

ఒకే కంపెనీలో కూడా రెండు మూడు రకాలు ఉంటాయి. ట్యాక్సీలవాళ్ళు అడిగే గట్టి రబ్బరు టైరు ఒకటుంటుంది. అది ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది, ఎందుకంటే తొందరగా అరగదు. తొందరగా అరగని గట్టి రబ్బరు తడి తారుని మామూలుగా అంత బాగా కరిచిపట్టుకోదు. రోజంతా తిరిగే ట్యాక్సీకి ఆ లెక్క వేరు. నువ్వు వారానికి రెండుసార్లు గూడెం, నెలకోసారి చిన్న తిరుపతి వెళ్ళేవాడివి. నీకెందుకు ఆ లక్ష కిలోమీటర్ల టైరు? అది అరిగే లోపల ఏళ్ళు గడిచి రబ్బరే ఎండిపోతుంది. సిలికా కలిపిన రబ్బరు తడిలో బాగా పట్టుకుంటుంది, ఆ రకం చూపించమను. కుర్రాడికి తెలియకపోతే ఓనర్ని పిలవమను. నీకంటే ముందు ఆ టైరు వేయించుకున్నవాళ్ళని, వానలో నడిపినవాళ్ళని అడుగు. టైరుకి 500 తేడా వచ్చిందనుకో. నాలుగింటికి 2,000. నాలుగేళ్ళు వాడతావు. ఏడాదికి 500 పడుతుంది. కొత్త సీటు కవర్లకీ, పాటల పెట్టెకీ నువ్వు పెట్టినదాంతో పోల్చి చూసుకో.

మన ప్రభుత్వం కూడా ఈ తడి పట్టు సంగతి కాస్త ఆలస్యంగానైనా పట్టించుకుంది. ఏఐఎస్ 142 అని ఒక ప్రమాణం పెట్టి, 2022 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. కొత్త డిజైన్లకి 2022 అక్టోబరు నుంచి, అప్పటికే అమ్ముతున్నవాటికి 2023 ఏప్రిల్ నుంచి తడిరోడ్డు మీద కనీస పట్టు ఉండాలన్నది నియమం. యూరప్‌లో 2012 నుంచే ప్రతి టైరుకీ చీటీ అంటిస్తున్నారు, తడి పట్టుకి ఏ, బీ, సీ అని గ్రేడు వేసి. అప్పటి లెక్కలో అన్నిటికన్నా మంచి గ్రేడుకీ చివరి గ్రేడుకీ, గంటకి 80 మీద బ్రేకు తొక్కితే, ఆగే దూరంలో 18 మీటర్ల దాకా తేడా ఉంటుందన్నారు. 18 మీటర్లంటే నాలుగు కార్ల పొడవు దాటుతుంది. ఆ దూరంలో సైకిలు మీద పాలు పోయడానికి వెళ్ళే మనిషి ఉండొచ్చు, బడికి పోయే పిల్ల ఉండొచ్చు. షాపులో ఆ చీటీ ఉన్న టైరు దొరికితే చదువు. ఐఎస్ఐ ముద్ర ఎలాగూ ఉండాలి, ఉందో లేదో చూడు. స్టార్ల గుర్తు కనపడితే అది ప్రధానంగా పెట్రోలు ఆదాకి ఇచ్చేదని గుర్తుపెట్టుకో. స్టార్లు ఎక్కువ ఉన్నాయి కదా అని వానలో పట్టు సంగతి అడగడం మానకు.

కొనేముందు టైరు పక్క గోడ మీద తేదీ చూడాలి. నాలుగు అంకెలు ఉంటాయి. 3524 అని ఉంటే 2024లో ముప్పై అయిదో వారంలో చేసిందని. ఏడాది లోపుదైతే తీసుకో. రెండేళ్ళు గోడౌన్లో పడి ఉన్నదాన్ని "ఆఫర్" అని అంటగడితే వద్దను. సైజు కూడా కంపెనీ ఇచ్చినదే వేయించు. బేస్ స్విఫ్టుకి 165/80 ఆర్14 ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు. వెడల్పు టైరు చూడ్డానికి బాగుంటుందని నీ ఫ్రెండ్ చెప్పాడే, అదే గాలితో వెడల్పు పెరిగితే తోసెయ్యాల్సిన నీరు కూడా పెరుగుతుంది.

సెకండ్ హ్యాండు జోలికి మాత్రం వెళ్ళకు నాన్నా. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెప్తున్నాను. అరిగిన టైరుకి కత్తితో మళ్ళీ గాడులు కోసి, నల్ల పాలిష్ కొట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. చూస్తే కొత్తదానిలాగే మెరుస్తుంది. లోపల దారాల దాకా కోసేసి ఉంటారు. ఎండలో హైవే మీద పేలినా పేలుతుంది, వానలో జారినా జారుతుంది. డబ్బు సరిపోకపోతే ఈ నెల రెండు, వచ్చే నెల రెండు కొత్తవి వేయించు. ఆ రెండు కొత్తవీ వెనక చక్రాలకి వెయ్యమను. ఇంజను ముందు చక్రాలు తిప్పుతుంది కదా, ముందు వెయ్యాలని షాపులో వాదిస్తారు. ముందు టైరు జారితే కారు తిన్నగా పోతుంది, నీకు తెలుస్తుంది, కాలు తీసి అదుపు చేసుకోవచ్చు. వెనక జారితే కారు గిర్రున తిరుగుతుంది, నీకు తెలిసేలోపే చెరువులో ఉంటుంది.

అరిగిందని ఎలా తెలుస్తుందంటావా? గాడి అడుగున చిన్న చిన్న దిమ్మలు ఉంటాయి. గాడి వాటితో సమానమైందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలింది. అది చట్టం చెప్పే ఆఖరి హద్దు. మన వానలకి అంతదాకా ఆగొద్దు, మూడు దగ్గరే మార్చెయ్. కొత్తదానికి ఏడెనిమిది ఉంటుంది. టైర్ల షాపులోనే లోతు కొలిచే చిన్న గేజీ ఉంటుంది, కొలిచి చెప్పమను.

ఇంకో సంగతి, మన ఊళ్ళల్లో ఇంటింటా ఉన్నదే. పిల్లలు అమెరికాలో ఉంటారు, అమ్మానాన్నలకని కారు కొనిస్తారు. అది షెడ్డులో కవరు కప్పుకుని ఉంటుంది. ఏడేళ్ళయినా పదిహేను వేల కిలోమీటర్లు తిరగదు. గాడులు చూస్తే కొత్తవి. "టైర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి" అంటారు. గోరుతో నొక్కి చూడు, రాయి తగిలినట్టుంటుంది. పక్కన సన్నటి పగుళ్ళు ఉంటాయి. అయిదారేళ్ళు దాటాక గాడులున్నా ఆ రబ్బరుని నమ్మకూడదు. మీ మామయ్య వాళ్ళింట్లో ఉన్నది అలాంటిదే. నువ్వే వెళ్ళి తేదీ చూసి, వాళ్ళ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పు.

ఇంత చెప్పినా ఏ టైరూ చెయ్యలేని పని ఒకటుంది. రోడ్డు మీద నీరు పారుతుంటే టైరు ఏం చేస్తుంది? 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచి, ఆ నీరంతా కొల్లేటికి వచ్చి పడింది. చినఎడ్లగాడి దగ్గర రోడ్డు మీద నుంచి నీరు పొర్లి, కైకలూరు దారి ఆపేశారు. కొల్లేటిలోకి వచ్చే ఏర్లు చాలా ఉన్నాయి, సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే. నీరు త్వరగా తియ్యదు. అలాంటప్పుడు "కొత్త టైర్లే కదా" అని దిగకు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటుతున్నప్పుడు, మన ఏలూరుతో సహా గోదావరి జిల్లాల్లో రాత్రి ఎనిమిదిన్నర నుంచి పొద్దున ఆరు దాకా అత్యవసరానికి తప్ప వాహనాలు తిప్పొద్దన్నారు. అటువంటి మాట వచ్చిన రోజు ఇంట్లో ఉండు. పెళ్ళి ముహూర్తమే అయినా ముందురోజు బయలుదేరు.

మామూలు వానలో మాత్రం 80 మీద పోయే చోట 60 మీద పో. ముందు లారీకి ఎప్పుడూ వదిలే ఎడం రెట్టింపు వదులు. పది నిమిషాలు ఆలస్యంగా వస్తావు. అన్నం చల్లారితే మీ అమ్మ వేడి చేసి పెడుతుంది, ఆవిడకి అదేం కష్టం కాదు. నువ్వు వచ్చే టైము దాటితే ఆవిడ గుమ్మంలో ఎలా నిలబడుతుందో నేను చూస్తూ ఉంటాను.

సరే, బయలుదేరు. అలైన్‌మెంటూ బ్యాలెన్సింగూ చేయించకుండా రాకు. అవి లేకపోతే కొత్త టైరు కూడా ఒక పక్కే అరిగిపోతుంది. డిక్కీ తెరిచి స్టెప్నీ తేదీ కూడా చూడు, బండితో పాటు వచ్చినదే అయ్యుంటుంది. బిల్లు మీద టైరు నంబర్లు రాయించుకో. షాపువాడు ధర చెప్పకముందే నువ్వు అడగాల్సింది అడిగెయ్, వానలో పట్టు ఎలా ఉంటుందని. ఏం చెప్పాడో సాయంత్రం వచ్చి నాకు చెప్పు, మీ చిన్నాన్న కారుకి కూడా వేయించాలి.