సెల్ఫ్ మోటారూ సృష్టికర్తా

తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. బ్యాటరీ నిండుగానే ఉంది, దీపాలు బాగానే వెలుగుతున్నాయి. టొయోటా ల్యాండ్ క్రూజర్ డెబ్బై సిరీస్ బండ్లు 1984 నుంచి ఆస్ట్రేలియా ఎర్రమట్టి దారుల్లో, ఆఫ్రికా సహాయ శిబిరాల్లో లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయి. వాటి డీజిల్ మోడళ్లను బాగుచేసేవారు ఈ చప్పుడు వినగానే రోగం పోల్చేస్తారు. స్టార్టర్ మోటారు సాలినాయిడ్‌లో రాగి కాంటాక్టులు అరిగిపోయాయి. మన షెడ్లలో అయితే ‘సెల్ఫ్ పోయింది’ అంటారు.

మోటారును దించే పని బ్యాటరీ నెగటివ్ వైరు విప్పడంతో మొదలవుతుంది. ఆ పని మరిచి పాజిటివ్ కేబుల్ మీద పానా వేస్తే, దాని రెండో కొన బాడీకి తగిలిన క్షణంలో నిప్పులు రేగుతాయి. ఆ తర్వాత లావు కేబులు, సన్న వైరు, చివరగా మోటారును గేర్‌బాక్స్ హౌసింగ్‌కు బిగించిన బోల్టులు విప్పాలి. పై బోల్టు కంటికి కనబడదు. పొడుగు ఎక్స్‌టెన్షన్ వేసి చేత్తో తడుముతూనే విప్పాలి. బరువైన మోటారు కాబట్టి ఒక చెయ్యి కింద ఆనించి ఉంచాలి. బల్ల మీదికి చేర్చి సాలినాయిడ్ మూత తీస్తే ఒకవైపు గుంటపడిన రాగి ముక్క కనిపిస్తుంది. మార్చాల్సింది ఆ కాంటాక్టులనే, మోటారు మొత్తాన్ని కాదు. ఈ సంగతి తెలియక ఎందరో కొత్త మోటారు కొంటారు.

ఇంజను ఒకసారి అందుకున్నాక ఈ మోటారుతో దానికి పని లేదు. పైగా మోటారు పక్కకు తప్పుకుని తీరాలి. మోటారు కొనన ఉండే పినియన్ గేరుకు సుమారు పది పళ్లుంటే, అది తిప్పే ఇంజను ఫ్లైవీల్ రింగుకు వంద దాకా ఉంటాయి. పట్టు వదలకపోతే, ఇంజను నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరిగేటప్పుడు మోటారు ఎనిమిది వేలు తిరగాల్సి వస్తుంది. అందుకే లోపల ఒక వన్‌వే క్లచ్ పెట్టారు. అది మోటారు బలాన్ని ఇంజనుకు అందిస్తుంది గానీ ఇంజను వేగాన్ని మోటారు మీదికి రానివ్వదు.

దేవుడు ఇలాంటివాడేనా? ఒకసారి తిప్పి తప్పుకున్నవాడా? 1715లో తత్వవేత్త లైబ్నిజ్ రాసిన ఒక లేఖ ఈ గొడవను యూరప్‌లో రాజేసింది. న్యూటన్ చెప్పే దేవుడు తాను చేసిన గడియారానికి అప్పుడప్పుడు మళ్లీ కీ ఇచ్చుకోవాల్సి వస్తోందని ఆయన ఎత్తిపొడిచాడు. న్యూటన్ పక్షాన క్లార్క్ జవాబిచ్చాడు. కీ అవసరమే లేని లోకానికి దేవుడి అవసరమూ ఉండదు కదా అన్నది ఆయన వాదన సారం.

ఇదే చిక్కు మన తార్కికులకు బాగా పాతది. పదిహేడో శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో కారణాలను మూడుగా విడదీశాడు. వస్త్రానికి దారాలు సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం, మగ్గం, నాడె నిమిత్త కారణాలు. దారాలు కాలితే చీర పోతుంది. మగ్గం విరిగితే చీరకేమీ కాదు. ఈ లెక్కన సెల్ఫ్ నిమిత్త కారణం. న్యాయదర్శనం ఈశ్వరుణ్ణి కూర్చోబెట్టింది కూడా ఈ నిమిత్త స్థానంలోనే! పరమాణువులు నిత్యం, ఆయన వాటిని కూర్చేవాడు. అలాగైతే కూర్చాక ఆయనతో పనేమిటని అడగవచ్చు.

పదో శతాబ్దపు ఉదయనాచార్యుడి గొప్పతనం ఇక్కడ కనిపిస్తుంది. న్యాయకుసుమాంజలి ఐదో స్తబకంలో ఆయన ఈశ్వర సాధనకు ‘ఆయోజన’మనే హేతువు చూపాడు. సృష్టి మొదట్లో జడ పరమాణువులను కదిలించడానికి చేతనుడి ప్రయత్నం కావాలంటాడు. ఇది అచ్చంగా సెల్ఫ్ వాదం. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. వెంటనే ‘ధృతి’ అన్నాడు. ఇంత బరువైన లోకం పడిపోకుండా నిలిచి ఉండటానికి కూడా ఒక చేతనుడి ప్రయత్నమే కారణమన్నాడు.

మీమాంసకులు ఆయోజనాన్ని సులువుగా కొట్టేస్తారు. లోకం నడవని కాలమంటూ లేనే లేదు, ఇక మొదలుపెట్టేవాడెందుకు అంటారు. విచిత్రమేమిటంటే, క్రైస్తవుడైన థామస్ అక్వైనస్ కూడా లోకానికి ఆరంభం ఉందన్నది విశ్వాసమే గానీ తర్కంతో రుజువు కాదన్నాడు. ఆయన చెప్పే ఆది చోదకుడు కాలంలో అందరికన్నా ముందు వచ్చినవాడు కాడు. చెయ్యి కర్రను కదుపుతుంది, కర్ర రాయిని కదుపుతుంది. చెయ్యి ఆగితే అన్నీ ఆగుతాయి. అలాంటి వరుసకు మొదట ఉన్నవాడే ఆ చోదకుడు.

డీజిల్ ఇంజనులో అలాంటి వరుస ఎక్కడుందో వెతికితే సెల్ఫ్ దగ్గర దొరకదు. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు. ప్రతిసారీ గాలిని నలిపితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. ఒక్క క్షణం డీజిల్ అందకపోతే ఎంత గొప్ప సెల్ఫ్ అయినా ఏమీ చేయలేదు. గేర్ల బండిని పల్లంలో నెట్టి కూడా స్టార్ట్ చేయవచ్చు. నిప్పు గడ్డితోనూ పుడుతుంది, అరణితోనూ పుడుతుంది, సూర్యకాంతమణితోనూ పుడుతుంది. తార్కికులు దీన్నే తృణారణిమణి న్యాయమంటారు. ఆరంభానికి దారులు ఎన్నైనా ఉండవచ్చు.

బాగుచేసిన మోటారును ఎక్కించేటప్పుడు హౌసింగ్ అంచును శుభ్రంగా తుడవాలి. మోటారుకు ఎర్త్ దొరికేది అక్కడే. బ్యాటరీ నెగటివ్ వైరును అన్నిటికన్నా చివర బిగించాలి.

బిగ్‌బ్యాంగ్‌కు ముందు ఏముందని అడిగి ఆస్తికులూ నాస్తికులూ వాదించుకునేది సెల్ఫ్ గురించే. అందులో ఎవరు గెలిచినా ఒరిగేది తక్కువ. ఉదయనుడి ధృతి హేతువుకు మాత్రం ఇద్దరూ జవాబు చెప్పుకోవాలి.