తొట్టిలోని నత్తలు

ఇంట చేపలతొట్టి నుంచుకొన్నవారికి ఒక ధర్మసందేహము కలుగుచుండును. కొనితెచ్చిన నీటిమొక్క ఆకున అంటియున్న జిగురుముద్దలో గ్రుడ్లు కలవని ఎవ్వరును గమనింపరు. కొలది వారములకు గాజుగోడల నిండ నత్తలే! వీనిలో కొన్ని జాతులు ఉభయలింగములు. ఒక్కటి మిగిలినను సంతతి వృద్ధినొందును. మైలుతుత్తపు మందు వానిని చంపును, తొట్టిలోని రొయ్యలనుగూడ చంపును. చచ్చిన నత్తలు క్రుళ్లి అమ్మోనియా పుట్టినచో చేపలకే ముప్పు.

అయినను నే నడుగునది వేఱు. వానిని పెంచినదెవరు? చేపలు తినగా మిగిలిన మేతయే గదా! ముద్దుకొలది పిడికెడు చల్లినది మనము, మరణదండన వానికా? (నేనును చాలకాలము అట్లే చల్లితిని.)

చెరువులో విడిచిన పాపము లేదందురు. అది దయవలె కనబడును, కాని దయ కాదు. పరదేశపు నత్త చెరువున బడిన అక్కడి జీవులకు చేటు కలుగవచ్చును. కొన్ని నత్తలు గొఱ్ఱెలకు సోకు కార్జపు జలగకు ఆశ్రయములు.

మేతను చేపలు రెండు నిమిషములలో తినునంతకు తగ్గించితిని. రాత్రి కీరదోస ముక్క వేసి, ఉదయమున దానికి పట్టిన నత్తలతో తీసి, వేఱొక సీసాలో నుంచితిని. తొట్టిలో ఇపుడు కొన్నియే కలవు, పాచి తినుచున్నవి. సీసాలోని వానికి ఆకు వేయుటయా, మానుటయా యని మాత్రము ప్రతి ఉదయమును తటపటాయించుచున్నాను.