కథానాయకునికి నిజంగా లోపముంటుందా?



"మా ఆయనకు కోపం ఎక్కువేగాని, మనసు వెన్న" అనే మాట మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి తరఫువారు కూడ "కాస్త మొండివాడు, అంతే" అంటారు. వినడానికి లోపం ఒప్పుకున్నట్లే ఉంటుంది. నిజానికి అది పొగడ్త. మన కథలలో, సినిమాలలో నాయకులకు పెట్టే లోపాలు చాలావరకు ఇటువంటివే. ఒకనికి ఆవేశమెక్కువ. మరొకడు స్నేహితుల కోసం ఆస్తి తగలేస్తాడు. ఈ లోపాలను తీసివేస్తే ఆ నాయకుని మీద మన ఇష్టం తగ్గుతుందేగాని పెరగదు. అటువంటిది లోపమా, అలంకారమా?

మరి నాయకునికి నిజమైన లోపం ఉండవచ్చునా? ఉంటే అతడు నాయకుడుగా మిగులుతాడా?

ఈ ప్రశ్న చాల పాతది. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో దీనిని చర్చించాడు. విషాద నాటకంలో నాయకుడు మచ్చలేని పుణ్యాత్ముడు కాకూడదు, పరమ దుర్మార్గుడూ కాకూడదు. మనవంటివాడై, తన పొరపాటు వలన పడిపోవాలి అన్నాడు. అప్పుడే చూచేవారికి జాలి, భయం కలుగుతాయి. ఇది ప్రేక్షకుల వైపునుండి చెప్పిన సమాధానం. దీనికి మరొక కొలబద్దను చేర్చుకుందాం. నాయకుడు తప్పు చేశాడు సరే, ఆ తప్పుకు మూల్యం ఎవరు చెల్లించారు?

దేవదాసును తీసుకోండి. శరత్ చంద్ర ఛటోపాధ్యాయ బెంగాలీలో వ్రాసిన ఆ నవల 1917లో అచ్చయింది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన చిత్రం వచ్చాక ఆ పేరు మన నుడికారంలోనే చేరిపోయింది. గడ్డం పెంచి, తాగి తిరిగే కుర్రవాణ్ణి "దేవదాసైపోయాడు" అంటాం. అతని లోపమేమిటని అడిగితే అందరూ "తాగుడు" అనే చెబుతారు.

నవల తెరచి చూడండి. తాగుడు తరువాత వచ్చింది. అంతకు ముందు ఒక రాత్రి, లోకం ఏమనుకుంటుందో లెక్కచేయక, పార్వతి అతని గదికి వచ్చి అతని ఆశ్రయం కోరింది. అతడు పెద్దల కోపానికి, వంశ ప్రతిష్ఠకు వెరచి కలకత్తా వెళ్ళిపోయాడు. ఆమెపై తనకు అంత ప్రేమ లేదన్నట్లు ఉత్తరం వ్రాశాడు. మనసు మారి తిరిగి వచ్చేసరికి ఆమె ఆత్మాభిమానంతో కాదన్నది. అప్పుడు చేతిలో ఉన్న గాలపు కర్రతో ఆమె నుదుటిపై కొట్టాడు. ఆ మచ్చతోనే ఆమె, ఎదిగిన పిల్లలున్న జమీందారుకు రెండవ భార్యగా వెళ్ళింది.

గమనించారా? తాగుడు దేవదాసును చంపింది. దానికి మనం కన్నీరు పెట్టుకుంటాం. అతని పిరికితనం, అహంకారం పార్వతి బ్రతుకును దెబ్బతీశాయి. వాటిని మనం లెక్కలోకే తీసుకోం. శరత్ బాబు మాత్రం ఏదీ దాచలేదు. నవల చివర అటువంటి అభాగ్యుని కోసం ప్రార్థించమని పాఠకులను కోరాడు. ఆదర్శంగా తీసుకోమని ఎక్కడా చెప్పలేదు.

ఇక మరొక నాయకుణ్ణి చూద్దాం. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన 'లే మిజరాబ్ల్' నవలలోని జాన్ వాల్జాన్. నాగయ్యగారు నటించిన 'బీదలపాట్లు' చిత్రంగా 1950లో తెలుగువారు ఆ కథను చూశారు. రొట్టె దొంగతనంతో మొదలై 19 సంవత్సరాలు శిక్ష అనుభవించినవాడు వాల్జాన్. ఆశ్రయమిచ్చిన బిషప్పుగారి వెండి సామానునే దొంగిలిస్తే, ఆయన క్షమించి, వెండి దీపస్తంభాలు కూడ ఇచ్చి పంపారు. ఆ క్షణంలోనే అతడు మారిపోయాడని చాలమంది అనుకుంటారు. హ్యూగో అలా వ్రాయలేదు. ఆనాటి సాయంత్రమే, ఒక పేద పిల్లవాని చేతినుండి జారిపడిన నాణెంపై వాల్జాన్ కాలు మోపాడు. పిల్లవాడు బ్రతిమాలి, ఏడ్చి, భయపడి పారిపోయాడు. కాసేపటికి తెలివి వచ్చి వెదికినా ఆ బాలుడు మరల దొరకలేదు.

ఈ తప్పుకు ఆకలి అనే సాకు లేదు. మూల్యం చెల్లించినది ఒక పసివాడు. ఇది అలంకారం కాదు, నిజమైన తప్పు. అయినా అతడు నాయకుడెలా అయ్యాడు? కొన్నేళ్ళకు అతడు వేరే పేరుతో మేయరై గౌరవంగా బ్రతుకుతున్నాడు. అప్పుడు మరొకణ్ణి వాల్జాన్ అని పొరబడి న్యాయస్థానంలో నిలబెట్టారు. నోరు మెదపకుంటే చాలు, పాత కథ అంతటితో సమాధి అయ్యేది. రాత్రంతా తనతో తాను పెనుగులాడి, ఆరాస్ పట్టణం వెళ్ళి, తానే వాల్జాన్ నని, ఆ బాలుణ్ణి దోచినవాణ్ణి కూడ తానేనని అందరిముందు ఒప్పుకున్నాడు. తన తప్పుకు ఇంకొకరు శిక్ష పడనివ్వలేదు.

కనుక నాయకునికి నిజమైన లోపం ఉండవచ్చు. దానిని దాని పేరుతో పిలిచి, దాని బరువు తానే మోసినప్పుడు అతడు నాయకుడుగా నిలుస్తాడు. కల్పిత పాత్రలకు ఇంత విచారణ ఎందుకంటారా? ఏ తప్పును క్షమించాలో, ఏ తప్పును ముద్దు చేయాలో మన పిల్లలు నేర్చుకునేది ఆ కథల దగ్గరే. ఈసారి ఇంటిల్లిపాదీ కూర్చుని సినిమా చూసినప్పుడు, "హీరో చేసిన తప్పుకు ఎవరు ఏడ్చారు?" అని వారిని అడగండి.

రాత్రి ఆత్మశోధన చేసుకునేటప్పుడు మనల్ని మనమూ అడుగుదాం. మనసు వెన్నే కావచ్చు. కాని మన అడుగుల చప్పుడు వినగానే పిల్లలు మాటలాపి, పుస్తకాలు సర్దుకుని, లోపలి గదిలోకి వెళ్ళిపోతున్నారా?