ఉత్సాహము తరిగిన పిమ్మట

ఏ మంచిపనికైనను ఆరంభమున ఉత్సాహము కొఱతపడదు. వేకువనే లేచి అధ్యయనమో, జపమో, వ్యాయామమో చేయవలెనని సంకల్పించిన వ్యక్తి మొదటి వారమున ఎవరును పిలువకయే లేచును. మూడవ మాసము వచ్చుసరికి గడియారము గంట మ్రోగించినను ప్రక్కకు ఒత్తిగిలి పరుండును. అతడు సంకల్పమును మార్చుకొనెనా? లేదు. ఆ పని మంచిది కాదని తెలిసికొనెనా? అదియు లేదు. మంచిదని యెఱిగియు, కావలెనని కోరుచుండియు, చేయలేకున్నాడు. ప్రాచీన గ్రీకులు ఈ స్థితికి ‘అక్రసియా’ యని పేరిడి దీర్ఘముగ చర్చించిరి. గీత మూడవ అధ్యాయమున అర్జునుడు వేసిన ప్రశ్న దీనికి చాల దగ్గఱిది. తెలిసినదానికిని చేయుదానికిని నడుమ ఈ అగాధమేల? దానిని దాటించునది ఉత్సాహమేనా, మఱియొకటియా?

ఈ ప్రశ్నను పరీక్షించుటకు మారథాన్ పరుగునకు సిద్ధపడువారి జీవితము మంచి ప్రయోగశాల. విద్యార్థి పరీక్షకు ముందు రాత్రి మేల్కొని గట్టెక్కవచ్చును. వక్త మాటకారితనముతో సభను మెప్పింపవచ్చును. 42 కిలోమీటర్ల 195 మీటర్ల దారి యెదుట ఈ ఉపాయములేవియు పనికిరావు. కాళ్లు చేసిన అభ్యాసమే కాళ్లకు దక్కును. (ఈ దూరమునందు పవిత్రత యేమియు లేదు. 1896లో ఏథెన్సునందు స్పిరిడాన్ లూయిస్ గెలిచిన తొలి ఒలింపిక్ మారథాన్ సుమారు 40 కిలోమీటర్లే. 1908 లండన్ క్రీడలలో ఏర్పడిన కొలత 1921లో స్థిరపడినది. మారథాన్ యుద్ధభూమినుండి ఏథెన్సునకు పరుగెత్తి, విజయవార్త చెప్పి ప్రాణము విడిచిన వార్తాహరుని కథయు హెరొడోటస్ గ్రంథమున లేదు. అది తరువాతివారు చెప్పినది.)

సామాన్యముగ ఈ పరుగునకు 16 మొదలు 20 వారముల సాధన నిర్ణయింతురు. వారమునకు ఒకనాడు దీర్ఘమైన పరుగు, తక్కిన దినములలో చిన్న పరుగులు, నడుమ విశ్రాంతి. దూరము కొంచెము కొంచెముగ పెరుగుచుండును. ఇందొక వింత గలదు. సాధకునకు మొదట ఎదురగు శత్రువు సోమరితనము కాదు, అత్యుత్సాహము. గుండె, ఊపిరితిత్తులు, కండరములు శీఘ్రముగనే బలపడును. స్నాయువులును ఎముకలును మెల్లగ బలపడును. మూడు నాలుగు వారములు గడచుసరికి ఆయాసము తగ్గుటచే, నూతన సాధకుడు తన శక్తికి మురిసి దూరమును రెట్టింపు చేయును. గుండె సరేయనును, ఎముక చిట్లును. అందుచేత అనుభవజ్ఞులైన శిక్షకులు శిష్యుని మొదట కట్టడిచేయుదురు. అధికభాగము పరుగును ప్రక్కవానితో మాటలాడగలిగినంత నిదానముగ సాగింపుమందురు. వెనుకనుండి వచ్చినవారెల్లరు దాటిపోవుచుండగా నెమ్మదిగ పోవుట కాలికంటె అహంకారమునకే ఎక్కువ వ్యాయామము.

సగము వారములు గడచిన పిమ్మట రెండవ ఘట్టము వచ్చును. క్రొత్తదనము పోయినది, గమ్యమింకను కనబడదు, ఇంటివారి ప్రశంసలును తగ్గినవి. హైదరాబాదునందు ఏటా ఆగస్టు మాసమున జరుగు మారథాన్‌కు సిద్ధపడువారికి ఈ ఘట్టము సరిగా వానకాలపు ఆరంభముననే తటస్థించును; తెల్లవారకముందే ఉక్క మొదలగును. ఇక్కడ ఒక నైతిక సందేహము పుట్టును. మనస్సు ఒప్పకుండగ చేసిన పని కపటము కాదా? ఇష్టము లేని జపము పెదవుల కదలికయే యైనట్లు, ఇష్టము లేని పరుగు యాంత్రికమే కదా? చిత్తశుద్ధికై నిజముగ తపించువారే ఈ సందేహమునకు లోబడి అభ్యాసమును మానుచుందురు కనుక దీనిని తేలికగ త్రోసివేయరాదు.

ఈ సందేహము ఒక తప్పు లెక్కపై నిలిచియున్నది. అప్పటి అభిరుచియే మనస్సు మొత్తమని అది తలచును. పడుకలో బద్ధకించు మనస్సొకటి, నెలల క్రిందట ఆలోచించి నిశ్చయించిన మనస్సొకటి. రెండును ఆ మనుష్యునివే. మొదటిదానిని మాత్రమే ‘నిజమైన నేను’ అనుట కేమి ఆధారము? ఉత్సాహము ఇంటికి వచ్చిపోవు చుట్టము వంటిది. చుట్టము రాలేదని ఇంట పొయ్యి వెలిగింపకుందురా? మఱియు, కోరిక ముందు, క్రియ వెనుక అను క్రమము కూడ నియతము కాదు. బయలుదేరునపుడు లేని ఇష్టము రెండు కిలోమీటర్లు గడచిన పిమ్మట తానై వచ్చుట పరుగెత్తువారెల్లరు ఎఱిగినదే. అందుచే వారు కొన్ని చిన్న ఉపాయములు పన్నుదురు: రాత్రియే బూట్లను వాకిట నుంచుదురు, పది నిమిషములు మాత్రమే పరుగెత్తి తిరిగివత్తునని తమతో తాము ఒప్పందము చేసికొందురు, వీథి మొగమున వేచియుండుమని మిత్రునకు చెప్పుదురు. తోడు కావలెననుట బలహీనతయని కొందఱందురు. తన బలహీనతను ముందే లెక్కించుకొన్నవానిని బలహీనుడనుట న్యాయము కాదు.

శరీరము చెప్పుదాని నెంతవఱకు నమ్మవలెను? 2004లో బ్రిటనునందు జరిగిన యొక పరిశోధనలో సైకిలు త్రొక్కువారు పిండిపదార్థము కలిపిన పానీయమును మ్రింగక, పుక్కిలించి ఉమిసినను, గంటసేపటి శ్రమలో వారి వేగము పెరిగినది. కడుపులోనికి ఏమియు పోలేదు. ఆహారము రానున్నదని నోరు మెదడునకు తెలిపినది, అంతే. కావున అలసట అనుదానిలో కొంతభాగము జాగరూకుడైన గృహయజమాని యొక్క ముందుచూపు మాత్రమే. ఖజానా వట్టిపోకముందే అతడు తలుపు వేయును. అయితే దీనినుండి ‘సర్వము మనస్సే’ యను సిద్ధాంతము లాగువారు 30వ కిలోమీటరు దాటిచూడవలెను. కండరములలోను కాలేయములోను నిలువయున్న గ్లైకోజెన్ ఆ ప్రాంతమున నిజముగనే తఱిగిపోవును. పరుగెత్తువారు దానిని ‘గోడ’ యందురు. కాలేయము ఉపన్యాసములు వినదు.

కనుక పట్టుదలకును మొండితనమునకును భేదము తెలియవలెను. శరీరమును హింసించుచు మూఢమైన పట్టుతో చేయు తపస్సును గీత పదునేడవ అధ్యాయము తామసమని నిర్ణయించినది. సూత్రము స్పష్టమే, ప్రయోగమే కష్టము. 1968లో మెక్సికో నగరపు ఒలింపిక్ మారథాన్‌లో టాంజానియాకు చెందిన జాన్ స్టీఫెన్ అక్వారి దారిలో పడి మోకాలికి తీవ్రమైన గాయము తగిలించుకొనెను. కట్టు కట్టించుకొని, కుంటుచు, విజేతకంటె గంటకు పైగా ఆలస్యముగ, ప్రేక్షకులలో చాలమంది వెడలిపోయిన క్రీడాంగణమున ప్రవేశించి గమ్యమును చేరెను. పూర్తిచేసిన 57 మందిలో కడపటివాడు. లోకము అతనిని కీర్తించినది. అదే గాయముతో ఒక యువకుడు తన ఊరి పరుగును పూర్తిచేసి కాలు పోగొట్టుకొనినచో లోకమేమనును? వెలుపలనుండి చూచిన రెండును ఒకే చర్య. అక్వారి 1970లో ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడలలో 5వ స్థానమున పరుగు ముగించెను కాబట్టి అతనిని ధీరుడనుట సులభమైనది. ఫలితమును చూచి గుణము నిర్ణయించుట న్యాయమా యను ప్రశ్న మాత్రము మిగిలియే యున్నది.

ఇంతకంటె కఠినమైన దృష్టాంతము జపాను దేశీయుడగు కోకిచి త్సుబురాయాది. 1964 టోక్యో ఒలింపిక్ మారథాన్‌లో అతడు రెండవవాడుగ క్రీడాంగణమున ప్రవేశించెను. స్వదేశ ప్రజలు చూచుచుండగ బ్రిటనుకు చెందిన బేసిల్ హీట్లీ అతనిని దాటిపోయెను. కాంస్యము లభించినది, ఆ క్రీడలలో పరుగు మొదలగు అథ్లెటిక్సు పోటీలలో జపానునకు దక్కిన పతకమదియొక్కటే. దేశము సంతోషించినది. అతడు మాత్రము దానిని జాతియెదుట తాను చేసిన అపరాధముగ భావించి, 1968లో ప్రాయశ్చిత్తము చేయనెంచెను. అతడు సైనికుడు, అభ్యాసమున లోపమెఱుగడు. గాయములు తిరుగబెట్టినవి, దేహము సహకరింపలేదు. 1968 జనవరిలో, 27 ఏండ్ల వయస్సున, అతడు తన ప్రాణమును తానే తీసికొనెను. కడపటి లేఖలో ఇంటివారు పెట్టిన పదార్థములను ఒక్కొక్కటిగ పేర్కొని కృతజ్ఞత తెలిపి, ఇక పరుగెత్తలేనంతగ అలసితినని వ్రాసెను.

అతనికి నిష్కామకర్మ తెలియకపోయెనని ఇచట బోధించుట నిర్దయ. అతనికి సాధనలో లోటులేదు, ప్రేరణలో అసలే లేదు. ప్రేరణయే బండయై కూర్చున్నది. యువకులను ‘దేశము నీవంక చూచుచున్నది’, ‘తల్లిదండ్రుల ఆశలన్నియు నీమీదనే’ యని ప్రోత్సహించు పెద్దలు ఈ కథను ఏకాంతమున చదువుకొనవలెను. పరీక్షాఫలితములు వెలువడు దినములలో మన ఊళ్లలో సంభవించుచున్న దుఃఖములు వేఱు జాతివి కావు. పరుగెత్తించుట యొక్కటియే ప్రేరకుని విధి కాదు. ఆగినను నీవు మాకు కావలసినవాడవే యని ముందుగా తెలియజేయుట అంతకుముందటి విధి.

ఇట్టి బరువు లేనివాడొకడు పంజాబు పల్లెటూరి వృద్ధుడు ఫౌజా సింగ్. 1994లో కుమారుడు మరణించుటతో ఆయన జీవితము శూన్యమైపోయెను. ఇంగ్లాండునందు నివసించుచు, దుఃఖమును మఱచుటకై పరుగునాశ్రయించెను. 2000లో లండన్‌లో మొదటి మారథాన్ పూర్తిచేయునాటికి ఆయన చెప్పిన వయస్సు 89. 2011లో టొరాంటోలో, నూఱేండ్లవాడుగ, ఎనిమిది గంటలకు పైగా తీసికొని గమ్యమును చేరెను. జననధ్రువపత్రము లేనందున గిన్నిస్ గ్రంథము ఆ ఘనతను నమోదు చేయలేదు. దాతృసంస్థలకై పరుగెత్తుట ఆయన దానివలన మానలేదు. 2013లో హాంగ్‌కాంగ్‌నందు 10 కిలోమీటర్ల పరుగుతో పోటీలు చాలించెను. నడక చాలింపలేదు. 2025 జూలై 14న తన స్వగ్రామమున రోడ్డుమీద వాహనము తగిలి మరణించెను. లెక్క ప్రకారము అప్పటికి 114 ఏండ్లు.