సేవకుని చూపు

క్రైస్తవ ధర్మమున సేవ పుణ్యకార్యము మాత్రమే కాదు. అది ఒక పిలుపు. పిలిచినవాడు భగవంతుడు, పలికినవాడు భక్తుడు. వీరిరువురి నడుమ రోగి ఎచట నున్నాడు? సేవకుడు వాని ముఖమును నిజముగా చూచునా, లేక వానియందు తన ప్రభువునే చూచి తృప్తినొందునా?

మత్తయి సువార్త 25వ అధ్యాయమున తీర్పుదినపు వర్ణన కలదు. ఆకలిగొన్నవానికి అన్నమిడినవారును, రోగిని పరామర్శించినవారును తాము ప్రభువునే సేవించితిమని ఎరుగరు. ఆ మాట విని ఆశ్చర్యపడుదురు. ఆ ఆశ్చర్యమే ఆ కథకు ప్రాణము. అన్నము పెట్టునపుడు వారు ఆకలిని మాత్రమే చూచిరి. లెక్క వ్రాసికొని సేవచేయువానికి అట్టి ఆశ్చర్యము కలుగదు గదా!

రాయవేలూరి క్రైస్తవ వైద్యశాలలో పాల్ బ్రాండ్ చేసిన పని ఇచట తలపునకు వచ్చును. మిషనరీ దంపతులకు 1914లో తమిళనాటి కొల్లి కొండలలో జన్మించిన ఈ శస్త్రవైద్యుడు 1946లో వేలూరు చేరెను. కుష్ఠరోగుల వ్రేళ్లు వ్యాధివలననే కుళ్లి రాలిపోవునని నాటి నమ్మకము. ఆయన ఆ చేతులను ఓపికతో పరిశీలించెను. వ్యాధి నరములను చెరచి నొప్పి తెలియకుండ చేయుటచేత, రోగి తానెరుగకయే చేతులను కాల్చుకొని, కోసికొని పోగొట్టుకొనుచున్నాడని గ్రహించెను. పిదప చెడక మిగిలిన కండరముల కొనలను మరలించి కుట్టి, ముడుచుకొనిపోయిన వ్రేళ్లకు కదలిక కలిగించెను.

చేయి బాగుపడినవారిలో కొందరు తిరిగివచ్చి మొరపెట్టుకొనిరి. వంకరచేతిని చూచి జాలిపడినవారు చక్కనైన చేతిలో కాసు వేయుట తగ్గించిరట! వ్యాధిమచ్చలు చూచి పని ఇచ్చువారును లేరైరి. ఈ మొరను కృతఘ్నత యనుట ఎంత సులభము! తన పిలుపును చూచుకొని మురియువాడు అట్లే అనియుండును. బ్రాండ్ అందలి న్యాయమును ఒప్పుకొనెను. నవజీవన కేంద్రము వెలసినది; రోగులు వడ్రంగము నేర్చిరి.

సామాన్య వైద్యశాలలు కుష్ఠరోగులను చేర్చుకొన వెనుదీయు ఆ దినములలో ఆయనను వారి కడకు నడిపినది విశ్వాసమే. దానిని కాదనుట అన్యాయము. కాని రోగికి కావలసినదేమో విశ్వాసము ముందుగా చెప్పదు. దానిని రోగినే అడుగవలెను, కొన్ని వేళల వాని గాయమును అడుగవలెను. రాత్రివేళ నిద్రించువారి వ్రేళ్లను ఎలుకలు కొరికినను వారికి తెలియుటలేదని ఒకనాడు బయటపడెను. అటుపిమ్మట ఇల్లు చేరబోవు రోగికి ఒక పిల్లిని కూడ ఇచ్చి పంపుట అచట ఆచారమయ్యెను.